పోయిన కండ తిరిగి రావడం, ఎన్నడూ శ్రమించని కండకు బలం రావడం: రెండూ ఒకే పనేనా?

తొడబలం:
అందరికీ నమస్కారం. నేను చాలా ఏళ్ళుగా కాళ్ళకు క్రమం తప్పకుండా బరువులతో వ్యాయామం చేస్తూ వచ్చాను. ఎడమ కాలి ఎముక విరిగి కట్టు వేయవలసి రావడంతో ఆ తొడ చూస్తూండగానే సన్నబడిపోయింది. ఎముక అతికిందని డాక్టరు నిర్ధారించి, ఫిజియోథెరపిస్టు అనుమతించిన తరువాత లెగ్ ప్రెస్ (కూర్చొని కాళ్ళతో బరువును నెట్టడం), స్క్వాట్లు (బరువుతో గుంజీళ్ళలా కూర్చొని లేవడం) మళ్ళీ మొదలుపెట్టాను. ఇంతకాలం పట్టించుకోని వీపు పైభాగానికి కూడా అదే సమయంలో వ్యాయామం ప్రారంభించాను.

నాకు అర్థం కానిది ఇది. తొడ వారం వారం నిండుతోంది. వీపు విషయంలో మాత్రం మొదట్లో ఎత్తగలిగే బరువు చకచకా పెరిగి, తరువాత ఒకచోట ఆగిపోయింది. చూపుకు మాత్రం ఏ మార్పూ లేదు. మనిషిని ఒక్కడినే, తినే తిండి ఒక్కటే, నిద్ర ఒక్కటే. అలాంటప్పుడు రెండు కండరాలు ఇంత వేర్వేరుగా ఎందుకు స్పందిస్తున్నాయి? రెండింటికీ ఒకే పద్ధతిలో బరువు పెంచుకుంటూ పోవచ్చునా?

శరీరధర్మం:
తొడబలం గారూ, నేను శరీరధర్మశాస్త్రం బోధిస్తాను కనుక యంత్రాంగం వరకు చెప్పగలను. వ్యాయామ ప్రణాళిక సంగతి అనుభవజ్ఞులు చెబుతారు.

ముందు వీపు విషయం చూద్దాం. బలం కండ లావు మీద మాత్రమే ఆధారపడి ఉండదు. నాడులు ఒక కండరంలోని ఎన్ని తంతువులను, ఎంత వేగంగా, ఎంత పొందికగా పనిలోకి దింపుతాయన్నదాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఎన్నడూ బరువు మోయని కండరానికి కొత్తగా పని చెప్పినప్పుడు మొదట మారేది ఈ నాడీ వ్యవస్థ. మొరిటానీ, డెవ్రీస్ అనే పరిశోధకులు 1979లోనే మోచేతిని ముడిచే కండరాల మీద 8 వారాల అధ్యయనం చేసి, తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ పాలు నాడులదేననీ, కండ పెరగడం వల్ల వచ్చే బలం ఆ తరువాతే పైచేయి సాధిస్తుందనీ చూపించారు. మీ వీపు మొదట చకచకా బలపడడానికి కారణం ఇదే. ఆ సులువైన లాభం దాదాపు పూర్తయి, కండ నిజంగా పెరగవలసిన దశ వచ్చేసరికి మీకు అది ఆగిపోయినట్లు కనిపిస్తోంది.

మొదటి రెండు మూడు వారాల్లో కండరంలో కొత్తగా తయారయ్యే ప్రోటీన్‌లో చాలా భాగం అలవాటు లేని శ్రమ వల్ల కలిగిన నష్టాన్ని సరిచేయడానికే ఖర్చవుతుందని 2016లో వెలువడిన మరొక అధ్యయనం సూచిస్తోంది. ఆ దశలో కండ కొంచెం ఉబ్బినట్లు కనిపించినా అందులో వాపు పాలు ఎక్కువ.

ఇక తొడ సంగతి. కండర తంతువు ఒక పొడవాటి కణం. మామూలు కణానికి ఒకే కేంద్రకం ఉంటే దీనికి వందలు, వేల కొద్దీ ఉంటాయి. తంతువు లావెక్కుతున్నప్పుడు దాని అంచున నిద్రాణంగా ఉండే శాటిలైట్ కణాలు విభజన చెంది, అందులో విలీనమై, అదనపు కేంద్రకాలను ఇస్తాయి. ఓస్లో విశ్వవిద్యాలయంలో గుండర్సన్ బృందం 2010లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో రెండు విషయాలు బయటపడ్డాయి. అదనపు భారం పడినప్పుడు తంతువు లావెక్కడానికి ముందే కేంద్రకాల సంఖ్య పెరిగింది. తరువాత నరం తెంచడంతో కండరం బాగా కుంచించుకుపోయినా, 3 నెలల వరకు ఆ కేంద్రకాలు తగ్గలేదు. ఎలుక ఆయుర్దాయంలో 3 నెలలంటే తక్కువ కాలమేమీ కాదు. 2013లో అదే బృందం ఎలుకలకు 14 రోజుల పాటు టెస్టోస్టిరాన్ ఇచ్చి ఆపేసింది. పెరిగిన కండ తగ్గిపోయిన చాలా కాలానికి మళ్ళీ భారం మోపితే, ఆ ఎలుకల తంతువులు 6 రోజుల్లోనే 31 శాతం లావెక్కాయి. మందు ఎన్నడూ తీసుకోని ఎలుకల్లో అదే వ్యవధిలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. (ఉత్ప్రేరకాలతో పట్టుబడిన క్రీడాకారులకు సాధారణంగా విధించే నాలుగేళ్ళ నిషేధం తరువాత కూడా వారికి ఆ లాభం మిగిలే ఉంటుందేమోనన్న చర్చకు ఈ ప్రయోగమే ఊపిరి పోసింది.)

అంటే పాత కేంద్రకాలు మిగిలే ఉంటే మీ తొడ కొత్తగా కట్టుకోవలసిన పని తక్కువ, వీపు మొదటి నుంచి కట్టుకోవాలి.

సంశయం:
శరీరధర్మం గారూ, మీ వివరణ వినడానికి ఇంపుగా ఉంది కానీ సాక్ష్యమంతా ఎలుకల నుంచి తెచ్చారు. నరం తెంచిన ఎలుక కాలు వేరు, కట్టు వేసిన మనిషి కాలు వేరు.

మనుషుల మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, వ్యాయామం అలవాటు లేనివారి చేత 10 వారాలు ఒక్క కాలికే వ్యాయామం చేయించి, 20 వారాలు ఆపి, ఆపై 5 వారాలు రెండు కాళ్ళకూ చేయించారు. కేంద్రకాల సిద్ధాంతం నిజమైతే, ముందే తర్ఫీదు పొందిన కాలు రెండోదాని కంటే త్వరగా కండ పట్టాలి. అలా జరగలేదు. అసలు మొదటి 10 వారాల్లోనే కేంద్రకాల సంఖ్య స్పష్టంగా పెరగలేదు. సంపాదించిన బలంలో మంచి భాగం విరామం తరువాత కూడా నిలిచి ఉన్న మాట నిజమే. కానీ అది నాడుల జ్ఞాపకం కావచ్చు కదా? అంటే మీరు వీపుకు చెప్పిన కారణమే తొడకు కూడా వర్తిస్తుందేమో.

శరీరధర్మం:
సరైన అభ్యంతరమే. కారణం ఇంకా తేలలేదు, కానీ పోయిన కండ త్వరగా తిరిగి వస్తుందన్న విషయం మాత్రం మనుషుల్లో పదే పదే కనిపించింది. 1991లోనే కొందరు స్త్రీలకు 20 వారాలు బరువులతో తర్ఫీదునిచ్చి, 30 వారాలకు పైగా విరామమిచ్చి, మళ్ళీ మొదలుపెట్టిస్తే, కేవలం 6 వారాల్లోనే తంతువుల పరిమాణం మునుపటి స్థాయికి చేరింది. ఫిన్లాండ్‌లోని య్యువాస్క్యులా విశ్వవిద్యాలయం 2024లో ప్రచురించిన ప్రయోగంలో 20 వారాలు ఏకధాటిగా చేసిన వారికీ, మధ్యలో 10 వారాలు పూర్తిగా ఆపి 10, 10 వారాలుగా చేసిన వారికీ చివరికి బలంలోనూ కండ పరిమాణంలోనూ దాదాపు తేడా లేకపోయింది.

మీరు చెప్పిన 2019 అధ్యయనంలో మొదటి దశలో కేంద్రకాలే పెరగలేదు కాబట్టి, పెరిగిన కేంద్రకాలు నిలుస్తాయా లేదా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పలేదని నా అభిప్రాయం. పది వారాలు సాధన చేసిన కాలికీ, మన తొడబలం గారిలా ఏళ్ళ తరబడి చేసిన కాలికీ పోలిక పెట్టలేం. మరో మార్గంలో, 2018లో బ్రిటన్ పరిశోధకులు 7 వారాల సాధన, 7 వారాల విరామం, మళ్ళీ 7 వారాల సాధన చేయించి కండరంలోని డీఎన్ఏను పరిశీలించారు. మొదటి సాధనలో కొన్ని జన్యువుల మీది మిథైల్ గుర్తులు (జన్యువు పనిని అదుపు చేసే రసాయన గుర్తులు) తొలగాయి, విరామంలో కూడా కొన్ని అలాగే ఉండిపోయాయి, రెండోసారి ఆ జన్యువులు మరింత చురుకుగా పనిచేశాయి. కేంద్రకాలా, ఈ గుర్తులా, రెండూనా అన్నది తేలడానికి సమయం పడుతుంది.

పునరావాసం:
నేను ఫిజియోథెరపిస్టుని. పై చర్చలో ఒక ముఖ్యమైన విషయం పక్కకు పోతోంది. వ్యాయామం మానేసిన కాలు వేరు, కట్టులో కదలకుండా ఉన్న కాలు వేరు. జిమ్‌కు వెళ్ళడం మానిన మనిషి కూడా నడుస్తాడు, మెట్లెక్కుతాడు, కుర్చీలోంచి లేస్తాడు. ఆ మాత్రం పని కండరాన్ని చాలావరకు నిలుపుతుంది. కట్టులోని కాలికి అదీ ఉండదు.

ఆరోగ్యంగా ఉన్న యువకుల కాలిని కదలకుండా కట్టి చూసిన ఒక నెదర్లాండ్స్ అధ్యయనంలో, 5 రోజులకే తొడ ముందు కండరం అడ్డుకోత వైశాల్యం 3.5 శాతం, బలం 9 శాతం తగ్గాయి. 14 రోజులకు వైశాల్యం 8.4 శాతం తగ్గితే బలం 23 శాతం పోయింది. కండ తగ్గిన దాని కంటే బలం రెండున్నర రెట్లకు పైగా పడిపోయిందన్నమాట. ఆ తేడా ఎక్కడికి పోయింది? చాలావరకు నాడుల ఆదేశంలోకే. పైగా మోకాలిలో ఏమాత్రం వాపు ఉన్నా, కీలు నుంచి వెళ్ళే సంకేతాలు వెన్నుపాము స్థాయిలోనే తొడ కండరాన్ని అణచి ఉంచుతాయి. మనిషి ఎంత గట్టిగా ప్రయత్నించినా కండరం పూర్తిగా బిగుసుకోదు. ఈ స్థితిలో బరువు పెంచితే పని తుంటికీ రెండో కాలికీ మారుతుంది తప్ప తొడకు అందదు.

కాబట్టి తొడబలం గారూ, మీ తొడ త్వరగా కోలుకోవడంలో మూడు విషయాలు కలిసి ఉన్నాయి: అణగారిన నాడీ ఆదేశం తిరిగి రావడం, పాత కండ తిరిగి నిండడం, చాలా ఏళ్ళ అలవాటు వల్ల స్క్వాట్ చేసే నైపుణ్యం చెక్కుచెదరకపోవడం. వీపుకు ఈ మూడింటిలో ఏదీ లేదు. సంశయం గారు అన్నట్లు నాడుల పాత్ర రెండు చోట్లా ఉన్నా, ఒకచోట అది మూసుకున్న దారి తెరుచుకోవడం, మరోచోట అసలు దారి వేయడం.

అందరిలోనూ ఇంత సాఫీగా జరగదని కూడా చెప్పాలి. మోకాలి లిగమెంట్ శస్త్రచికిత్స తరువాత తొడ ముందు కండరంలో లోటు నెలల కొద్దీ, కొందరిలో ఏళ్ళ కొద్దీ మిగిలిపోతుంది. వారు ఒకప్పుడు ఎంత కండ కలవారైనా సరే. కీలులోని సమస్య తీరనిదే కండ దానంతట అది తిరిగి రాదు.

మలిసంధ్య:
చదువుతున్నాను, ఉపయోగకరంగా ఉంది. ఒక సందేహం. నాకు డెబ్బై దాటాయి, జీవితంలో ఎన్నడూ బరువులు ఎత్తలేదు. తిరిగి రావడానికి నాకు పోయిన కండ అంటూ ఏదీ లేదు. నాలాంటి వారికి దీనివల్ల ప్రయోజనం ఉంటుందా?

పునరావాసం:
తప్పకుండా ఉంటుందండీ. 1990లో అమెరికాలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో, 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న వారికి 8 వారాలు బరువులతో తొడ వ్యాయామం చేయించారు. చివరి వరకు కొనసాగిన 9 మందిలో బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ మధ్యభాగంలో కండ వైశాల్యం సుమారు 9 శాతం పెరిగింది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. తర్ఫీదు లేని కండరంలో మొదట ఏది పెరుగుతుందన్న దానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

వయసుతో మారేది మరొకటి ఉంది. రెండు వారాలు కాలు కట్టి ఉంచి, తరువాత 4 వారాలు వ్యాయామం చేయించినప్పుడు యువకులు కోలుకున్నంతగా వృద్ధులు కోలుకోలేదని డెన్మార్క్ అధ్యయనాలు చూపాయి. అంటే పెద్దవారికి కొత్తగా బలం సంపాదించడం సాధ్యమే కానీ, మంచం పట్టి పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవడం యువకుల కంటే కష్టం. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా వీలైనంత వరకు లేచి నడిపించమని మేము పట్టుబట్టేది అందుకే. మీ వైద్యునితో ఒకసారి మాట్లాడి, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడంతో మొదలుపెట్టండి.

పాతబరువులు:
కొంతకాలం పోటీల్లో బరువులెత్తి, ఇప్పుడు ఇతరులకు నేర్పుతున్నాను. పరిశోధనల సంగతి పెద్దలు చెప్పారు. నేను చూసిన ఒక ప్రమాదాన్ని చెప్పాలి. విరామం తరువాత తిరిగి వచ్చేవారిలో దెబ్బ తగిలేది కండకు చాలా అరుదు. మోకాలి చిప్ప కింద, మడమ వెనుక, మోచేతి దగ్గర, అంటే కండను ఎముకకు కలిపే టెండాన్‌కు తగులుతుంది.

కండకు రక్తప్రసరణ ఎక్కువ, టెండాన్‌కు తక్కువ. కండ వారాల్లో మారితే టెండాన్ నెలల్లో మారుతుంది. అణ్వాయుధ పరీక్షల వల్ల 1950లు, 60లలో వాతావరణంలో పెరిగిన కార్బన్-14ను ఆధారంగా చేసుకొని డెన్మార్క్ పరిశోధకులు 2013లో మడమ టెండాన్‌ను పరీక్షించగా, దాని నడి భాగంలోని కణజాలం సుమారు 17 ఏళ్ళ వయసు లోపు ఏర్పడినదే దాదాపు అలాగే ఉండిపోతుందని తేలింది. ఆ తరువాత కూడా టెండాన్ బిరుసెక్కుతుంది, దళసరి అవుతుంది, కానీ ఆ మార్పు నిదానంగా జరుగుతుంది.

కొత్తగా మొదలుపెట్టే మనిషికి ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే అతడి కండ కూడా నెమ్మదిగానే పెరుగుతుంది, ఎత్తగలిగే బరువే తక్కువగా ఉంటుంది. తిరిగి వచ్చేవాడి కండ తొందరగా వస్తుంది, నైపుణ్యం చేతిలోనే ఉంటుంది, ఒకప్పుడు ఎత్తిన అంకె మనసులో ఉంటుంది. వెనుకబడింది టెండాన్ ఒక్కటే. అందుచేత వారి చేత నేను మొదటి నెలన్నర పాటు పాత గరిష్ఠ బరువులో సగానికి మించి ఎత్తించను. మరో మూడు నాలుగు రెప్‌లు (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) చేయగలమనిపిస్తుండగానే సెట్ (వరుసగా చేసే రెప్‌ల దఫా) ఆపమంటాను, బరువును ఆగి ఆగి నెమ్మదిగా దించమంటాను. దీన్ని చాదస్తం అనేవారు ఉన్నారు, అననివ్వండి.

తొడబలం:
అందరికీ ధన్యవాదాలు. పాతబరువులు గారు చెప్పినది చదివాక మోకాలి చిప్ప కింద ఉదయం పూట కొద్దిగా బిగువు ఉంటున్న విషయం గుర్తొచ్చింది. నొప్పి కాదు, పది అడుగులు వేయగానే పోతుంది. దీన్ని పట్టించుకోవాలా? అలాగే వీపు విషయంలో ఆచరణలో ఏం మార్చుకోవాలో చెప్పండి.

పాతబరువులు:
పట్టించుకోవాలి. ఉదయపు బిగువు టెండాన్ ఇచ్చే మొదటి హెచ్చరిక. వ్యాయామం మానవలసిన పని లేదు. ఈ వారం బరువు పెంచకండి. వ్యాయామం చేసిన మరుసటి ఉదయం బిగువు ఎంతసేపు ఉంటోందో గమనించండి. ముందు రోజుకంటే ఎక్కువసేపు ఉంటే తరువాతిసారి బరువు తగ్గించండి. దూకుళ్ళు, పరుగులు ప్రస్తుతానికి వద్దు.

వీపు విషయానికి వస్తే, ఒకేరోజు బోలెడన్ని సెట్లు చేసి వారమంతా వదిలేసే పద్ధతి కొత్త కండరానికి నప్పదు. అదే పనిని వారంలో రెండు మూడు రోజులకు పంచండి. పుల్-అప్ పూర్తిగా రానివారు రబ్బరు బ్యాండ్ ఆసరాతో చేయడం, పైనుంచి నెమ్మదిగా దిగడం సాధన చేయాలి. చాలామంది చేతులతో లాగుతారు తప్ప వీపుతో లాగరు. రెక్కల ఎముకలను ముందు కిందికి దించి, ఆ తరువాత మోచేతులు ముడవడం అలవాటు చేసుకోండి. ఒకచోట ఆగిపోయిందని వ్యాయామాలు వారం వారం మార్చవద్దు. నాడులు నేర్చుకుంటున్న పాఠం అక్కడికక్కడ చెరిగిపోతుంది.

శరీరధర్మం:
దీనికి రెండు మాటలు జోడిస్తాను. అలవాటు లేని కండరం, ముఖ్యంగా బరువును దించే దశలో, ఎక్కువ నష్టపోతుంది. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య తీవ్రంగా ఉంటుంది. అదే వ్యాయామం రెండోసారి చేసేటప్పటికి నష్టం చాలా తగ్గుతుంది కనుక మొదటి దఫా తక్కువగా చేయడమే తెలివైన పని. కొత్తవారు ఒక్కసారిగా విపరీతంగా శ్రమించి, కండరం విపరీతంగా వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే అది వ్యాయామపు నొప్పి కాదు, మూత్రపిండాలకు ముప్పు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇక ప్రోటీన్ సంగతి: శరీర బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాములకు మించి తీసుకుంటే కండ పెరుగుదలకు సగటున అదనపు ప్రయోజనం పెద్దగా లేదని 2018లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. మూత్రపిండాల సమస్య ఉన్నవారికి ఈ అంకె వర్తించదు.

నిర్వాహకులు:
ఇక్కడ చెప్పినవి సాధారణ సమాచారం మాత్రమే. శస్త్రచికిత్స జరిగినవారు, ఎముక విరిగినవారు, గుండె జబ్బు ఉన్నవారు తమ వైద్యుని అనుమతి తీసుకున్న తరువాతే పాటించగలరు.

సంశయం:
చివరగా ఒక ప్రశ్న. తొడ "వారం వారం నిండుతోంది" అని తొడబలం గారు దేనితో కొలిచి చెబుతున్నారు? టేపుతో అయితే అందులో వాపు, కొవ్వు కూడా కలిసి ఉంటాయి. కుడి తొడతో పోల్చి చూస్తున్నట్లయితే, కట్టు ఉన్నన్ని రోజులూ మామూలు వ్యాయామం లేక అది కూడా సన్నబడి ఉంటుంది. తగ్గిపోయిన కాలిని ప్రమాణంగా పెట్టుకుంటే సమానమయ్యామన్న భ్రమ త్వరగానే కలుగుతుంది.

తొడబలం:
టేపుతోనే, కుడి తొడతో పోల్చి. మీరు అన్నాక ఆలోచిస్తే, కుడి కాలికి కూడా నా పాత ప్యాంటు వదులుగానే ఉంది.

పునరావాసం:
సంశయం గారు సరిగ్గా పట్టుకున్నారు. టేపు పారేయవద్దు, కానీ మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల పైన గుర్తు పెట్టుకొని, ప్రతిసారీ అక్కడే, ఉదయం పూట, కండరం వదులుగా ఉన్నప్పుడు కొలవండి. దానికంటే ముఖ్యమైనది పని. ఒక్కో కాలితో విడివిడిగా, ఒకే బరువుతో లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చొని మోకాలు చాపుతూ బరువెత్తడం) ఎన్ని రెప్‌లు వస్తున్నాయో, ఒంటికాలితో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో రాసుకోండి. ముందు ఎడమ కాలితో చేసి, అది చేసినన్ని మాత్రమే కుడి కాలితో చేస్తే తేడా పెరగకుండా ఉంటుంది. కుడి కాలి వ్యాయామం పూర్తిగా మానేయకండి. ఒక వైపు అవయవానికి చేసిన సాధన వల్ల రెండో వైపుకు కూడా కొంత బలం చేకూరుతుందని 1894లోనే యేల్ విశ్వవిద్యాలయంలో స్క్రిప్చర్ చేతుల మీద చేసిన ప్రయోగాల నుంచి తెలుసు. మీకు గాయానికి ముందు రాసుకున్న పాత వ్యాయామ పుస్తకం ఏదైనా ఉంటే, కుడి కాలి ప్రస్తుత స్థాయిని కాక అందులోని అంకెలనే గమ్యంగా పెట్టుకోండి.

తొడబలం:
పాత పుస్తకం ఉంది. ఒంటికాలి లెగ్ ప్రెస్ అంకెలు రెండు కాళ్ళకూ విడివిడిగా రాసి ఉన్నాయి. ఈ వారం బరువు పెంచకుండా, రెండు కాళ్ళనూ వేర్వేరుగా పరీక్షించి ఆ అంకెలు ఇక్కడ పెడతాను.

పాతబరువులు:
ఉదయపు బిగువు ఎంతసేపు ఉందో కూడా వాటి పక్కనే రాయండి.